వాచీల కొట్టులో జర్మన్ విమానం

సత్యవేడు బజారులో మా మామ వాచీల కొట్టు పైకప్పు నుంచి నైలాను దారం మీద వేలాడిన యుంకర్స్ 52 విమానం ఇక లేదు. రెక్క కొస నుంచి రెక్క కొసకు 40 సెంటీమీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 26. అసలు విమానంలో 72వ వంతు. వెండి రంగు ఒళ్ళు, నల్లటి ఇంజన్లు: రెక్కకొకటి, ముక్కున ఒకటి. కొట్టు ఖాళీ చేసి సామాను ఇంటికి చేరవేసిన రోజు, టాటా ఏస్ బండిలో ఎవరో చూసుకోక దాని మీద గోడగడియారం పెట్టారు. ఊరు దాటకముందే పని అయిపోయింది. ప్లాస్టిక్ బొమ్మకు నివాళి ఏమిటని అనే వాళ్ళుంటారు. ఆ బొమ్మకు మూలమైన విమానాలు కూడా ఈ కొద్ది ఏళ్ళలోనే ఆకాశం నుంచి సెలవు తీసుకున్నాయి. రెంటికీ కలిపి నాలుగు మాటలు రాసుకుంటే తప్పులేదనిపించింది.

మామ వాచీ సామాను కోసం మద్రాసు పోయేవాడు. మాకు తిరుపతి కంటే మద్రాసే దగ్గర. ఊత్తుకోట నుంచే అరవదేశం. సరుకుకైనా ఆస్పత్రికైనా మా ఊరి కాళ్ళు అటే నడుస్తాయి. పారిస్ కార్నరులో పని ముగించుకుని, ఆ రోజు శుక్రవారమైతే పల్లావరం సంతకు కూడా పోయొచ్చేవాడు. పాత సామాన్ల సంత అది. తుప్పుపట్టిన కుట్టుమిషన్లు, గ్రామఫోను రికార్డులు, మూతలేని మిక్సీలు, దేవుడి పటాలు పీకేసిన ఉత్త చట్రాలు, అన్నీ ఎండలో నేల మీదే పరిచి అమ్ముతారు. విమానాశ్రయం పక్కనే కాబట్టి తల మీదుగా విమానం దిగుతున్నంతసేపూ బేరం ఆగుతుంది, పోయాక మళ్ళీ మొదలవుతుంది. అక్కడ దొరికింది ఈ కిట్టు. పెట్టె మూల చిరిగింది. ఏ ముక్క ఎక్కడ అతికించాలో చెప్పే కాగితం లేదు. ముక్కలన్నీ క్యారీ బ్యాగులో మూటకట్టి ఉన్నాయి. ఇంటికొచ్చి అద్దం మీద పరిచి చూస్తే ముక్కు ఇంజను లేదు, దాని చుట్టూ ఉండాల్సిన వలయం లేదు, పంకా లేదు.

"మోసపోయినావే మామా" అన్నాను.

"మోసమేముంది అల్లుడూ? రెండింజన్లకే దుడ్లు ఇచ్చినాను" అన్నాడు.

ఈ విమానం కథ జర్మనీలోని డెస్సావ్ పట్టణంలో మొదలవుతుంది. హ్యూగో యుంకర్స్ మొదట విమానాల మనిషి కాదు. నీళ్ళు కాచే గ్యాస్ గీజర్లు చేసి అమ్మి బాగుపడ్డ ఇంజనీరు, ఆహెన్‌లో ప్రొఫెసరు. కర్రా గుడ్డా కలిపి విమానాలు కట్టే రోజుల్లో, 1915లో, మొత్తం లోహంతో ఒకటి కట్టి ఎగరేయించాడు. 1919లో ఆయన ఎఫ్ 13 వచ్చింది. ప్రయాణికుల కోసం పూర్తిగా లోహంతో కట్టిన మొదటి విమానం అదే. ఆ వరసలో ఎర్న్‌స్ట్ త్సిండెల్ గీసిన యుంకర్స్ 52 మొదట 1930లో ఒక్క ఇంజనుతో ఎగిరింది. సరుకు మోసేందుకు బాగానే ఉంది గానీ మనుషుల్ని ఎక్కించుకుని ఆల్ప్స్ కొండలు దాటాలంటే ఒక్క ఇంజన్ని నమ్ముకుంటే ఎట్లా? 1932 నాటికి మూడింజన్ల రూపం తయారైంది. 17 మంది ప్రయాణికులు. నడిమి దారికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. అంటే ప్రతి ఒక్కరికీ కిటికీ. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఇప్పటి విమానాలు దాని కాలిగోటికి చాలవని నా అభిప్రాయం.

దాన్ని చూడగానే కంటికి తగిలేది మడతల ఒళ్ళు. ముక్కు నుంచి తోక దాకా, రెక్కల మీద, ఆఖరికి చుక్కాని మీద కూడా సన్నటి గాడులే. మామ కొట్టు షట్టరుకు మడతలు ఎందుకో దీనికీ అందుకే: పల్చటి రేకును మడతలు పెడితే ఒక దిక్కున వంగనే వంగదు. డ్యూరాల్యుమిన్ అనే అల్యూమినియం మిశ్రమాన్ని అట్లా మడతలు తోలి కప్పడంతో చర్మమే సగం అస్థిపంజరం పని చేసింది. బరువు తగ్గింది, గట్టిదనం పెరిగింది. నష్టమల్లా గాలితో. మడతల వల్ల గాలికి తగిలే మేర పెరుగుతుంది, అది వెనక్కి లాగుతుంది. అందుకే ఈ విమానం గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతోనే తన దారిన తాను పోయేది. 1935 డిసెంబరులో అమెరికాలో నున్నటి ఒళ్ళు డీసీ-3 ఎగిరింది. తర్వాతి కాలంలో బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు ఆ జాతివే. దాని ముందు యుంకర్స్ పుట్టిన నాలుగేళ్ళకే ముసలిదైపోయింది. అయినా చావలేదు. రెక్క వెనక అంచున చిన్న సందు విడిచి ఇంకో సన్న రెక్కను తగిలించారు యుంకర్స్ వాళ్ళు. దాంతో అది బాగా నెమ్మదిగా దిగగలదు, చిన్న మైదానంలోంచి లేవగలదు. గడ్డినేల, మంచు, చెరువు ఏదైనా సరే. చక్రాలు తీసి పడవ కాళ్ళు తగిలిస్తే నీళ్ళ మీద కూడా వాలేది.

మామ దాన్ని అతికించిన తీరు చెప్పకపోతే ఈ నివాళి నివాళే కాదు.

ప్లాస్టిక్ మోడల్ ఏదైనా రెండు సగాలుగా వస్తుంది. సగానికి సగం అతికించాక మధ్యలో అతుకు గీత మిగులుతుంది. దాన్ని పుట్టీతో పూడ్చి గరుకు కాగితంతో రుద్దితే నున్నటి విమానానికి చిక్కు లేదు. యుంకర్స్‌కు రుద్దితే అతుకుతో పాటు మడతలూ పోతాయి. పైన వీపు మీద అంత కష్టం లేదు. అక్కడ మడతలు అతుకు పొడుగునే పోతాయి కాబట్టి ఉక్కు స్కేలు పెట్టి సూదితో గీసుకుంటూ పోతే గాడులు మళ్ళీ పడతాయి. రెక్క ముందంచు దగ్గరే వ్యవహారం. అక్కడ మడతలు అతుకును అడ్డంగా దాటి పైనుంచి కిందికి చుట్టుకుపోతాయి. గీయడానికి చోటు లేదు, వదిలేస్తే నున్నటి గీత ఒకటి బట్టతలలా మెరుస్తుంది.

మామ చాలా రోజులు దాన్ని అట్లాగే వదిలేశాడు. తర్వాత ఒక మధ్యాహ్నం పాలపొడి డబ్బా మూత కింద ఉండే అల్యూమినియం రేకును బ్లేడుతో సన్నటి పట్టీలుగా కోశాడు. పాత టైంపీసులోంచి ఒకదానికొకటి పళ్ళు పట్టే రెండు ఇత్తడి చక్రాలు తీసి చెక్కముక్క మీద పక్కపక్కనే బిగించాడు. రెండింటి మధ్య రేకు పట్టీ పెట్టి వేలితో చక్రం తిప్పితే అవతలి నుంచి మడతలు పడి వచ్చింది. చక్రం పన్ను పన్నుకూ ఒక మడత. పట్టీ వెడల్పు చక్రం మందమంతే, రెక్క అంచుకు కావలసినంతే. బంకపూసి పట్టకారుతో అంచు పొడుగునా పరిచాడు. కంటికి భూతద్దం తగిలించుకుని చూసి "ఊఁ" అన్నాడు. పెద్ద పెద్ద హాబీ దుకాణాలున్న దేశాల్లో ఈ తిప్పలకు ఏ పరికరాలు అమ్ముతారో గానీ, వాచీలు బాగుచేసేవాడు కాబట్టే ఆ ఉపాయం తోచిందని మాత్రం ఒట్టేసి చెప్పగలను.

ఇక లేని ఇంజను. అసలు విమానంలో పక్క ఇంజన్ల మీద వెడల్పాటి తొడుగు ఉంటుంది, లోపలిది పెద్దగా కనపడదు. ముక్కు ఇంజనుకు సన్నటి వలయమే. అంటే పోయింది కూడా అందరికీ కనపడేదే. బీఎండబ్ల్యూ 132 అనే ఈ ఇంజనుకు తొమ్మిది సిలిండర్లు, నడిమి బొడ్డు చుట్టూ పూరేకుల్లా పరుచుకుని ఉంటాయి. గాలితోనే చల్లబడాలి కాబట్టి సిలిండరు చుట్టూ సన్నటి పళ్ళేలు దొంతరగా ఉంటాయి. మామ బాల్‌పెన్ను రీఫిల్లును తొమ్మిది ముక్కలు చేశాడు. కాలిపోయిన క్వార్ట్జ్ గోడగడియారం కాయిలు విప్పి, ఆ వెంట్రుకంత రాగి తీగను ఒక్కో ముక్కకూ దగ్గర దగ్గరగా చుట్టాడు. నల్లరంగు పూసి, ఆరాక బట్టతో తుడిస్తే చుట్ల అంచులు మెరిసి అచ్చం ఆ పళ్ళేల దొంతరే. నడిమికి వాచీ చావి బొడిపె. పంకా ఐసుపుల్ల నుంచి చెక్కాడు. పూర్తయ్యాక కిట్టులో వచ్చిన రెండు ఇంజన్లే నకిలీగా కనపడ్డాయి!

ఆ పక్క ఇంజన్లతో ఇంకో తమాషా జరిగింది. అతికించాక చూస్తే రెండూ కాస్త బయటికి మొహం తిప్పుకుని ఉన్నాయి. అచ్చు వంకరపోయిందనుకుని వేడినీళ్ళలో ముంచి సరిచేయబోయాడు మామ. నేను ఎక్కడో చదివి చెప్పాను, అవి అట్లాగే ఉండాలని. ఒక పక్క ఇంజను ఆగిపోతే రెండో పక్కది విమానాన్ని ఒక దిక్కుకు తిప్పేస్తుంది. ఇంజన్ని బయటికి తిప్పి బిగిస్తే దాని లాగుడు గీత విమానం బరువు నడిమికి దగ్గరగా పోతుంది, తిప్పుడు తగ్గుతుంది. మామ నీళ్ళ గిన్నె పక్కన పెట్టేశాడు. తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాడూ "ఏమబ్బా, ఇంజన్లు వంకరగా అంటించినావే" అనడం, మామ వాచీ మీది నుంచి తల ఎత్తకుండా ఆ పాఠమంతా ఒప్పజెప్పడం మామూలైపోయింది. బ్యాటరీ మార్పించుకునేందుకు వచ్చిన వాళ్ళు జర్మన్ ఇంజనీరింగు నేర్చుకుని పోయేవాళ్ళు.

తోక దగ్గర మాత్రం మాట పెరిగింది. కిట్టులో ఉండిన స్టిక్కర్లు పాతబడి నీళ్ళలో వేయగానే పొడిపొడి అయిపోయాయి. పెట్టె మీది బొమ్మలో ఉన్న డీ-ఏక్యూయూఐ అనే నంబరును మామ సన్నటి బ్రష్షుతో చేత్తోనే రాశాడు. తోక ఖాళీ. నేను 1930ల నాటి ఫోటోలు చూపించాను. ఆ కాలపు లుఫ్తాన్సా విమానాల తోక మీద నాజీల గుర్తు ఉంటుంది. చాలా కిట్టుల పెట్టెల్లో ఆ గుర్తు ఉండదు, జర్మన్ చట్టం ఒప్పుకోదు. కొందరు మోడల్ మనుషులు చరిత్ర చరిత్రలాగే ఉండాలని విడిగా తెచ్చుకుని మరీ అంటిస్తారు. పక్క కొట్టాయన విని, మన గడప మీద పసుపుతో పెట్టేదే కదా, పెట్టేస్తే ఏమని అడిగాడు. మామ ఫోటోను చాలాసేపు చూసి, "మన గడప మీద ఉండేది ఎవరినీ చంపలా" అని ఊరుకున్నాడు.

నేను మామ పక్షమే, కానీ ఆ విమానం చేతులు శుభ్రంగా లేవు. హిట్లర్ ఊరేగింది దీంట్లోనే. 1936లో ఫ్రాంకో సైన్యాన్ని మొరాకో నుంచి స్పెయిన్‌కు చేరవేసింది ఇదే. 1937 ఏప్రిల్ 26న గెర్నికా మీద బాంబులు వేసిన వాటిలో ఇవీ ఉన్నాయి. పికాసో బొమ్మ గీసింది ఆ ఊరి గురించే. 1941 మేలో క్రీటు దీవి మీద ప్యారాచూట్ సైనికుల్ని వందలకొద్దీ యుంకర్స్‌లే దింపాయి. మరుసటి ఏడు చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైన్యానికి తిండీ మందుగుండూ మోయబోయి 260కి పైగా కూలిపోయాయి. మొత్తం 4,800 పైచిలుకు కట్టారు. అందులో ఎక్కువ వంతు యుద్ధానికే.

దీన్ని కట్టిన ముసలాయనకు ఈ పాపంలో పాలు లేదు. 1933లో నాజీలు రాగానే యుంకర్స్ మెడ మీద కత్తి పెట్టి పేటెంట్లు రాయించుకున్నారు, కంపెనీ వాటాలు లాక్కున్నారు, ఆయన్ను డెస్సావ్‌లో అడుగు పెట్టనీయలేదు. 1935 ఫిబ్రవరి 3న, సరిగ్గా తన 76వ పుట్టినరోజున పోయాడు. ఆ పేరుతో తర్వాత యుద్ధ విమానాలు వేలకొద్దీ వచ్చాయి, ఆయన ప్రమేయం ఏమీ లేకుండానే. గీజర్ల వ్యాపారం అంతకుముందే, 1932లో, అప్పుల బాధకు బాష్ కంపెనీకి అమ్మేశాడు. అదొక్కటే గౌరవంగా బతికింది.

మామకు నచ్చిన కథ వేరే. 1937 ఆగస్టులో లుఫ్తాన్సా అధికారి ఫాన్ గాబ్లెంట్స్ ఇద్దరు తోడు మనుషులతో కాబూల్ నుంచి యుంకర్స్ ఎక్కి పామీరు కొండలు దాటి చైనాకు దారి కనుక్కోబోయాడు. పోయేటప్పుడు దాటారు. తిరుగుదారిలో ఖోతాన్ దగ్గర దిగాల్సి వచ్చింది. అక్కడి సైనికులు పట్టుకుని నెలరోజుల దాకా బంధించారు. విడిచాక, అన్నాళ్ళు ఇసుకలో పడి ఉన్న ఆ విమానాన్నే మళ్ళీ నడిపి కాబూల్ చేరారు. "నెల రోజులు ఇసకలో ఉండి స్టార్టు అయిందా!" అని మామ ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాడు. ఆయన మోపెడ్ రెండు రోజులు వానలో ఉంటే మూడో రోజు మెకానిక్ దగ్గరికి పోతుంది మరి.

యుద్ధం అయ్యాక కూడా దీని పని అయిపోలేదు. ఫ్రాన్సూ స్పెయినూ సొంతంగా కట్టుకున్నాయి. జర్మన్ బాంబుల దెబ్బ తిన్న బ్రిటన్ కూడా 1946, 47లలో చేజిక్కిన పది యుంకర్స్‌లలో తన ప్రయాణికుల్ని తిప్పింది. అవసరం ముందు పగలు ఎంతసేపు? మామ రాసిన నంబరు గల అసలు విమానం 1936 నాటిది. నార్వేలో పడవ కాళ్ళతో తిరిగింది, 1957లో ఈక్వడార్‌కు పోయి అక్కడే మూలపడింది, అమెరికా చేరి మార్టిన్ కైడిన్ అనే రచయిత చేతిలో మళ్ళీ ఎగిరింది. 1984లో లుఫ్తాన్సా కొనుక్కుని, బాగుచేసి, 1986 నుంచి సరదా ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. ఆ రెండో జన్మలో దాని తోక మీద నాజీల గుర్తు లేదు. కాబట్టి మామ చేసింది చరిత్ర ప్రకారం కూడా సరైనదేనని పక్క కొట్టాయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

స్విట్జర్లాండులో మూడు ఉండేవి. 1939లో కొన్నవాటిని అక్కడి వైమానిక దళం 1981 దాకా వాడుకుంది. తర్వాత యు-ఎయిర్ అనే సంస్థ వాటిలో ఆల్ప్స్ చూపించేది. 2018 ఆగస్టు 4న లొకార్నో నుంచి డ్యూబెన్‌డార్ఫ్ తిరిగొస్తున్న ఒక విమానం పిజ్ సెగ్నాస్ కొండ దగ్గర కూలి 20 మందీ పోయారు. ముసలి విమానం, రేకులు చీకిపోయి ఉంటాయని అందరం అనుకున్నాం. 2021లో వచ్చిన దర్యాప్తు నివేదిక వేరే చెప్పింది. ఇరుకు లోయలో, తప్పించుకునే దారి మిగలకుండా, మరీ కిందుగా నడపడమే కారణమంది. తుప్పు, నిర్వహణ లోపాలు కూడా దొరికాయి, కానీ కూల్చింది అవి కాదు. యు-ఎయిర్ ప్రయాణాలు ఆగిపోయాయి. 2019లో లుఫ్తాన్సా కూడా తన దానికి సెలవిచ్చింది. 80 ఏళ్ళు దాటిన యంత్రాన్ని ఎగిరించేందుకయ్యే ఖర్చు భరించలేమంది. లెక్క సరైనదే కావచ్చు. లెక్కలు చూసి చేసే పని కాదది అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఆ వార్తలు వచ్చేనాటికి మామ కొట్టు కూడా సద్దుమణిగిపోతోంది. హెచ్ఎంటీ, హైదరాబాదు ఆల్విన్ వాచీల మీద చెయ్యి తిరిగినవాడు. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీనే మూసేయాలని సర్కారు తీర్మానించింది. ఫోనులో టైము చూసుకునే లోకంలో వాచీ పాడైతే పారేస్తారు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు బస్సులెక్కే పిల్లలు ఆ కొట్టు ముందే నిలబడేవాళ్ళు. ఎక్కువమంది చూసేది వాచీల్ని కాదు, పైన వేలాడే దాన్ని. షార్‌లో రాకెట్టు లేచే రోజుల్లో బజారంతా రోడ్డు మీదికొచ్చి తూర్పు దిక్కుకు చెయ్యెత్తి చూపించుకుంటుంటే, మామ వాకిట్లోంచి చూసి, లోపలికొచ్చి, తన విమానం మీది దుమ్ము బ్రష్షుతో తుడిచేవాడు. రేకుల కప్పు కింద కత్తిరి ఎండలకు దాని రెక్కలు ఏటేటా కొద్దికొద్దిగా కిందికి జారాయి. అసలు దానికి రెక్క కొసలు పైకెత్తి ఉంటాయి, ఆఖరికి దీనివి బల్లపరుపు అయ్యాయి. వెండి రంగు పసుపు తిరిగింది. రెక్క అంచున పాలపొడి డబ్బా రేకు మాత్రం చెక్కుచెదరలేదు.

మొన్న పోయినప్పుడు ఇంకో కిట్టు తెప్పిస్తానన్నాను. ఇప్పుడు ఫోనులో నొక్కితే ఇంటికే వస్తుంది. చూపు తగ్గింది, ఈసారి పెద్ద సైజుది కావాలన్నాడు. 48వ వంతుది ఉందని, రెక్కల వెడల్పు 61 సెంటీమీటర్లని చెప్పాను. పైకి చూసి, ఫ్యానుకు తగలకుండా ఎక్కడ కట్టాలో లెక్కేసుకున్నాడు. ధర చెప్పాను. కళ్ళద్దాలు తీసి ఫోను నా చేతికిచ్చేశాడు.

"ముక్కు ఇంజను లేనిది ఎవరన్నా అమ్ముతాండారేమో చూడు అల్లుడూ. సగం ధరకొస్తాది."